మాస్టోడాన్‌లో ఏ సర్వర్‌లో చేరాలి: ఒక సాయంత్రంలో తేల్చుకునే పద్ధతి

మాస్టోడాన్ ఒక సోషల్ మీడియా. దాన్ని ఒకే కంపెనీ నడపదు, వేర్వేరు మనుషులు, సంస్థలు నడిపే ఎన్నో సర్వర్లు కలిస్తేనే మాస్టోడాన్. చేరాలంటే ముందు వాటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. "సరే, చేరతాను. ఏ సర్వర్‌లో చేరమంటావ్?" అని నన్ను అడిగినవాళ్లలో సగంమంది ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. మిగతావాళ్లలో కొందరు పేరు బాగుందని ఏదో ఒకదాంట్లో దూరి, అది మూతపడ్డాక మళ్లీ ఫోన్ చేశారు. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే, చేయాల్సిన వరుసలో ఒకచోట రాసిపెడుతున్నాను.

నా లెక్కలో ఇది ఒక సాయంత్రం పని. వారం పట్టిందంటే మీరు చూస్తున్నది సర్వర్ కాదు, సంబంధం.

1. సర్వర్‌ని బట్టి ఏది మారుతుంది, ఏది మారదు

మాస్టోడాన్‌లో మీ చిరునామా రెండు ముక్కలు: @పేరు@సర్వర్. మొదటి ముక్కలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే పడతాయి. పైన కనిపించే పేరు మాత్రం తెలుగులో హాయిగా పెట్టుకోవచ్చు.

ఏ సర్వర్‌లో ఉన్నా వేరే సర్వర్లవాళ్లను ఫాలో అవ్వొచ్చు, వాళ్లకు జవాబివ్వొచ్చు. అందుకే "మా ఫ్రెండ్స్ అంతా అక్కడున్నారు, నేనూ అక్కడే చేరాలి" అనుకోనక్కర్లేదు.

మారేవి ఇవి:

- మీరు ఏం రాయొచ్చో చెప్పే నియమాలు
- మీ సర్వర్ ఏయే సర్వర్లను అడ్డుకుంటుందన్నది
- హ్యాష్‌ట్యాగ్ వెతికితే మీకు ఏవి కనిపిస్తాయన్నది
- మీ డేటా ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నాళ్లుంటుందన్నది

చాలామంది దీన్ని మొబైల్ నంబరు పోర్టింగ్‌తో పోలుస్తారు. అక్కడ కంపెనీ మారినా నంబరు మనదే. ఇక్కడ సర్వర్ మారితే చిరునామాలో సగం మారిపోతుంది. ఫాలోవర్లు వెంట వస్తారు గానీ, రాసిన పోస్టులు రావు. పాత సర్వర్‌లోనే ఉండిపోతాయి. ఎంచుకునేటప్పుడే కాస్త జాగ్రత్తపడాల్సింది ఇందుకే.

2. వెతకడానికి ముందు కాగితం మీద రాసుకోండి

సర్వర్ల జాబితా తెరిచాక అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. అందుకని ముందు మీకేం కావాలో రాసుకోండి:

- ఏ భాషలో రాస్తారు? తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా, రెండూ కలిపా?
- దేని గురించి రాస్తారు? రాజకీయాలు, సినిమా, మొక్కలు, ప్రోగ్రామింగ్?
- మీ పుస్తకాన్నో, యూట్యూబ్ ఛానల్‌నో, దుకాణాన్నో ప్రచారం చేసుకోవాలా?
- అసలు పేరుతోనా, మారుపేరుతోనా?
- తప్పకుండా ఫాలో కావాలనుకునే ఐదుగురు ఎవరు? వాళ్ల పూర్తి చిరునామాలు ఏమిటి?
- మెటావాళ్ల త్రెడ్స్‌లో ఉన్నవాళ్లను కూడా ఇక్కడినుంచే చూడాలా?

చివరి రెండూ అందరూ వదిలేసేవే. తీరా చేరాక, తమకు కావలసిన మనిషి ఉన్న సర్వర్‌ని తమ సర్వర్ అడ్డుకుందని తెలిసి నెత్తి కొట్టుకుంటారు.

3. మూడంటే మూడు సర్వర్లను పక్కకు తీయండి

జాయిన్‌మాస్టోడాన్.ఆర్గ్‌లో సర్వర్ల జాబితా ఉంది. విషయం, భాష, ప్రాంతం, నడిపేది సంస్థా లేక వ్యక్తా, చేరడం తక్షణమా లేక అనుమతితోనా అని వడపోసుకోవచ్చు. ఇన్‌స్టాన్సెస్.సోషల్ అనే మరో చోట ఇంకా పొడవైన జాబితా దొరుకుతుంది.

కొత్తవాళ్లయితే మొదటి జాబితాతోనే సరిపెట్టుకోండి. అందులో ఉండాలంటే సర్వర్ నిర్వాహకులు నాలుగు షరతులకు ఒప్పుకోవాలి: జాతి, లింగ వివక్ష లాంటివాటి మీద చర్య తీసుకోవడం, రోజూ బ్యాకప్ తీయడం, అత్యవసరంలో తాళం తీయగల రెండో మనిషి ఉండడం, మూసేస్తే కనీసం 3 నెలల ముందు చెప్పడం. ఇది కోర్టు కాగితం కాదు, మాట మాత్రమే. అయినా ఆ మాట కూడా ఇవ్వనివాళ్లకంటే నయం.

తెలుగువాళ్ల సర్వర్ దొరికేదాకా చేరనని భీష్మించుకోకండి. మీ హోమ్ ఫీడ్‌లో తెలుగు కనిపించేది మీరు ఫాలో అయ్యే మనుషుల వల్లే. సర్వర్ తెలుగుదైనా, మీరు ఎవర్నీ ఫాలో కాకపోతే హోమ్ ఖాళీగానే ఉంటుంది.

ప్రాంతం గురించి కూడా ఎక్కువ ఆలోచించకండి. పోస్టులు చదువుకోవడానికి సర్వర్ జర్మనీలో ఉన్నా ముంబైలో ఉన్నా మీకు పెద్ద తేడా తెలియదు. ఏ దేశపు చట్టం కింద ఉంది అన్నది మారుపేరుతో రాసేవాళ్లు మాత్రం చూసుకోవాలి.

మాస్టోడాన్ సంస్థే నడిపే మాస్టోడాన్.సోషల్ మాటేమిటంటారా? యాప్‌లో మొదట చూపించేది దాన్నే. అన్నిటికన్నా పెద్దది, రేపే మూతపడే భయం లేదు. తప్పేమీ లేదు. కాకపోతే అంత పెద్దచోట ఫిర్యాదు చేస్తే వరుసలో నిలబడాలి, స్పామ్ ఖాతాలూ ముందు అక్కడికే చేరతాయి. కొన్ని వేలమంది ఉండి, ఫిర్యాదులు చూసే మోడరేటర్లు ఇద్దరు ముగ్గురు కనిపించే మధ్యరకం సర్వర్ వైపే నేను మొగ్గుతాను.

4. అబౌట్ పేజీ చదవండి, నిజంగా చదవండి

ఈ మెట్టు దగ్గర అరగంట పెట్టండి. మూడు సర్వర్లనూ బ్రౌజర్‌లో మూడు ట్యాబుల్లో తెరిచి, ఒక్కోదానిలో అబౌట్ పేజీకి వెళ్లండి. లాగిన్ అక్కర్లేదు.

*నియమాలు.* మన దృష్టిలో మొట్టమొదట చూడాల్సింది భాష. కొన్ని సర్వర్లలో బహిరంగ పోస్టులు ఇంగ్లిష్‌లోనే ఉండాలన్న షరతు ఉంటుంది. ఓపెన్ సోర్స్ అభిమానులకు బాగా తెలిసిన ఫాస్టడాన్‌లోనే ఏళ్లపాటు ఆ నియమం నడిచింది. వాళ్ల వాదనలో అన్యాయమేమీ లేదు. చదవలేని భాషలో వచ్చిన ఫిర్యాదును మోడరేటర్ ఎలా తేల్చగలడు? కానీ తెలుగులో రాయాలనుకునే మనకు ఆ ఒక్క లైను చాలు, ట్యాబ్ మూసేయడానికి.

భాష తర్వాత ఇవి వెతకండి:

- రాజకీయ పోస్టుల మీద హెచ్చరిక ముసుగు (నొక్కితేనే పోస్టు కనిపించేలా) వేయమంటున్నారా? ఎన్నికల వేళ రోజుకు పది పోస్టులు రాసేవాళ్లకు ఇది నరకం.
- సొంత ప్రచారం, వ్యాపారం కుదరదన్నారా?
- బాట్ ఖాతాలకు వేరే షరతులున్నాయా?
- ఏఐ బొమ్మలు పెట్టడం మీద ఏమైనా రాశారా?

నియమాలు రెండు లైన్లలో ముగిస్తే, "మంచిగా ఉండండి" అన్న ఒక్క మాటతో సరిపెడితే, అనుమానించండి. గొడవ వచ్చిన రోజున ఆ మాటకు అర్థం నిర్వాహకుడి మూడ్‌ని బట్టి ఉంటుంది.

*మోడరేటెడ్ సర్వర్స్ జాబితా.* ఈ సర్వర్ అడ్డుకున్న సర్వర్ల పేర్లివి. అదే పేజీలో కింద ఉంటుంది. కొన్ని సర్వర్లు సభ్యులకే చూపిస్తాయి. అందులో రెండు మాటలు కనిపిస్తాయి. లిమిటెడ్ అంటే అక్కడివాళ్ల పోస్టులు జనం మధ్య కనిపించవు గానీ మీరు కావాలని ఫాలో అయితే వస్తాయి. సస్పెండెడ్ అంటే తెగతెంపులు: అటునుంచి ఇటు, ఇటునుంచి అటు ఏదీ రాదు.

మీ కాగితం మీద రాసుకున్న ఐదుగురి సర్వర్ల పేర్లు ఈ జాబితాలో వెతకండి. త్రెడ్స్ కావాలనుకుంటే అదీ చూడండి. మెటా మీద కోపంతో దాన్ని మూకుమ్మడిగా అడ్డుకున్న సర్వర్లు చాలా ఉన్నాయి.

జాబితా పొడుగ్గా ఉంటే భయపడకండి. ద్వేషం, స్పామ్ నింపే సర్వర్లు వందల్లో ఉన్నాయి కాబట్టి పొడుగ్గానే ఉండాలి. అసలు జాబితాయే లేకపోతే భయపడాలి. పక్కన కారణాలు కూడా రాసి ఉంటే, ఆ ఇంట్లో లెక్కలు రాసేవాళ్లున్నారని అర్థం.

5. ఎవరు నడుపుతున్నారు, డబ్బు ఎక్కడినుంచి వస్తోంది

అబౌట్ పేజీలో నిర్వాహకుడి ఖాతా ఉంటుంది. నొక్కి లోపలికి వెళ్లండి. చివరి పోస్టు ఎప్పటిది? ఈ వారందైతే సరే. నాలుగు నెలల క్రితందైతే ఆ సర్వర్‌కి దిక్కు లేనట్టే.

ఒక్కడే నడిపే సర్వర్ ఆ ఒక్కడి ఓపిక ఉన్నంతవరకే. దానికి ఎదురు ఉదాహరణ హ్యాకీడర్మ్ అనే సర్వర్. దాన్ని మొదలుపెట్టిన క్రిస్ నోవా 2023 ఆగస్టులో చనిపోయారు. అప్పటికే నిర్వహణకు ఒక ఫౌండేషన్, వాలంటీర్ల బృందం ఉండడంతో సర్వర్ ఆగలేదు. మీరు వెతకాల్సింది అలాంటి ఏర్పాటు.

డబ్బు సంగతి: విరాళాల లింకు ఉందా? నెలకు ఎంత ఖర్చవుతోందో, ఎంత వస్తోందో ఎక్కడైనా రాశారా? విరాళాలు సేకరించే ఓపెన్ కలెక్టివ్ అనే వెబ్‌సైట్ వాడేవాళ్లయితే జమాఖర్చులు అందరికీ కనిపిస్తాయి.

డొమైన్ చివరి రెండక్షరాలు కూడా చూడండి. అవి ఒక దేశానివైతే, ఆ దేశానిదే పెత్తనం. క్వియర్.ఏఎఫ్ అనే సర్వర్ పేరు అఫ్గానిస్తాన్ డొమైన్ మీద ఉండేది. 2024 ఫిబ్రవరిలో తాలిబన్ ప్రభుత్వ శాఖ ఆ పేరును ఆపేసింది. పేరు చమత్కారంగా కుదిరిందని దేశాల డొమైన్లు కొనేవాళ్లు ఎక్కువ. చమత్కారాన్ని మెచ్చుకుని పక్క ట్యాబుకు వెళ్లండి.

వెర్షన్ నంబరు పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని మాస్టోడాన్ తాజా విడుదలతో పోల్చండి. 2024 ఫిబ్రవరి 1న వచ్చిన 4.2.5 వెర్షన్, ఇతరుల ఖాతాల్లోకి చొరబడే వీలున్న పెద్ద లోపాన్ని సరిచేసింది. అలాంటి రోజున గంటల్లో అప్‌డేట్ చేసే మనిషి కావాలి మీకు. నెలల తరబడి పాత వెర్షన్‌లోనే ఉన్న సర్వర్ వద్దు.

6. రెండు నిమిషాల హ్యాష్‌ట్యాగ్ పరీక్ష

"ఒకే హ్యాష్‌ట్యాగ్ నీకు యాభై పోస్టులు చూపిస్తోంది, నాకు మూడే ఎందుకు?" అని తరచూ అడుగుతారు. కారణం ఇదీ: సర్వర్‌కి ప్రపంచంలోని పోస్టులన్నీ తెలియవు. ఆ సర్వర్‌లో ఉన్న ఎవరో ఒకరు ఫాలో అయ్యే మనుషుల పోస్టులే ప్రధానంగా దానికి చేరతాయి. ఎవరూ తెలుగువాళ్లను ఫాలో కాని సర్వర్‌లో తెలుగు ఉండదు. కొన్ని సర్వర్లు రిలేలు పెట్టుకుని అదనంగా తెప్పించుకుంటాయి గానీ, తెలుగు విషయంలో వాటిని నమ్ముకోలేం.

పరీక్ష ఇలా:

1. బ్రౌజర్‌లో సర్వర్ చిరునామా కొట్టి, స్లాష్ పెట్టి, ఇంగ్లిష్‌లో ట్యాగ్స్ అని రాసి, మళ్లీ స్లాష్ పెట్టి, తెలుగు అని టైప్ చేయండి.
2. ఏం కనిపిస్తే అది చూడండి. ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం కాదు. పైనున్నది ఎప్పటిదో చూడండి: నిన్నటిదా, నిరుటిదా?
3. అదే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టి మళ్లీ చూడండి. మనవాళ్లు రెండు రకాలుగానూ వాడతారు.
4. మిగతా రెండు ట్యాబుల్లోనూ ఇదే చేయండి.

లాగిన్ కానివాళ్లకు ఏమీ చూపించని సర్వర్లు కొన్ని ఉంటాయి. వాటికి ఈ పరీక్ష పనికిరాదు, వదిలేయండి.

మూడింటిలోనూ ఖాళీయేనా? అయితే మొదటి తెలుగు మనిషి మీరే. మీరు ముప్ఫైమందిని ఫాలో అయితే, మీ వెనక వచ్చేవాళ్లకు ఆ ట్యాగ్ నిండుగా కనిపిస్తుంది.

7. చేరే క్రమం

1. ఎక్కువకాలం వాడే ఈమెయిలే ఇవ్వండి. ఉద్యోగం మారితే పోయే ఆఫీసు మెయిల్ వద్దు.
2. అనుమతి అడిగే సర్వర్ అయితే "ఎందుకు చేరాలనుకుంటున్నారు" అని ఒక పెట్టె వస్తుంది. "చేరాలని ఉంది" అని రాస్తే స్పామ్ అనుకుని పక్కన పడేస్తారు. మీరెవరు, దేని గురించి రాస్తారు, తెలుగులోనూ రాస్తారు, నియమాలు చదివారు: నాలుగు వాక్యాలు, నిర్వాహకుడు చదవగల భాషలో.
3. జవాబుకు రెండు మూడు రోజులు ఆగండి. రాకపోతే రెండో సర్వర్‌కి వెళ్లండి. చేరకముందే పలకనివాళ్లు చేరాక ఏం పలుకుతారు?
4. లోపలికి వెళ్లగానే రెండంచెల భద్రత పెట్టుకోండి.
5. ఫోటో, పరిచయం నింపండి. ఒక పోస్టు కూడా రాయండి. ఖాళీ ఖాతా ఫాలో రిక్వెస్ట్ పంపితే ఎవరూ తలుపు తీయరు.
6. పోస్టు భాష తెలుగుగా ఎంచుకోండి. భాషల వడపోత పెట్టుకున్నవాళ్లకు ఇంగ్లిష్ గుర్తుతో వెళ్లిన తెలుగు పోస్టు చికాకే.
7. ప్రైవసీ సెట్టింగుల్లో, మీ బహిరంగ పోస్టులు వెతుకులాటలో కనిపించాలా అన్నది మామూలుగా ఆపి ఉంటుంది. కనిపించాలనుకుంటే ఆన్ చేయండి.
8. ఆ ఐదుగురితో మొదలుపెట్టి ముప్ఫైమందిదాకా ఫాలో అవ్వండి.

ఒక జాగ్రత్త. ప్రైవేట్ మెన్షన్, అంటే పేర్లు పెట్టినవాళ్లకే కనిపించేలా రాసే పోస్టు, వాట్సాప్ సందేశం లాంటిది కాదు. దానికి ఎండ్ టు ఎండ్ గుప్తీకరణ లేదు. తలచుకుంటే రెండువైపుల సర్వర్ల నిర్వాహకులూ చదవగలరు. 2023 మేలో కలెక్టివా అనే సర్వర్ నిర్వాహకుల్లో ఒకరి ఇంట్లో ఎఫ్‌బీఐ సోదా చేసింది. సర్వర్‌తో సంబంధంలేని వ్యవహారమే, అయినా డేటాబేస్ కాపీ ఒకటి వాళ్ల చేతికి వెళ్లింది. ఆధార్ నంబర్లు, ఓటీపీలు, ఇంటి గొడవలు ఇక్కడ రాయకండి.

8. చేరిన రోజే బయటికెళ్లే దారి చూసుకోండి

నేను మొదట చేరింది ఒకే ఒక్కడు నడిపే చిన్న ఫోటోగ్రఫీ సర్వర్‌లో. మంచి జనం, తీరిక కబుర్లు. ఒక ఆదివారం పొద్దున తెరిస్తే సర్టిఫికెట్ గడువు తీరిందని బ్రౌజర్ ఎర్ర హెచ్చరిక చూపింది. "చూసుకుంటాడులే" అనుకున్నాను. రెండు వారాలకు పేజీ రావడమే మానేసింది. మూడేళ్ల పోస్టులు, నాలుగొందల చిల్లర ఫాలోవర్లు గల్లంతు.

ఫాలోవర్లను కొత్త ఖాతాకు పంపే ఆదేశం పాత సర్వర్ నుంచే వెళ్లాలి. అది బతికి లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. నా దగ్గర మిగిలింది, ఎప్పుడో నాలుగు నెలల క్రితం దించుకున్న ఫాలోయింగ్ జాబితా ఒక్కటే. ఆ ఎర్ర హెచ్చరిక చూసిన రోజే కదలాల్సింది.

అందుకని నెలకోసారి, కరెంటు బిల్లు కట్టే రోజున అనుకోండి:

- ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్ పేజీలో ఫాలోయింగ్, బ్లాక్, మ్యూట్, లిస్టులు, బుక్‌మార్కుల సీఎస్‌వీ ఫైళ్లు (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికలు) దించుకోండి.
- పోస్టులు, ఫోటోల ఆర్కైవ్ కోరండి. 7 రోజులకు ఒకసారే కోరే వీలుంది. ఈ ఆర్కైవ్‌ని కొత్త ఖాతాలోకి ఎక్కించలేరు, దాచుకోవడానికే.

మారాల్సి వస్తే వరుస ఇదే, తిరగేస్తే పనిచేయదు:

1. కొత్త సర్వర్‌లో ఖాతా తెరవండి.
2. కొత్త ఖాతా సెట్టింగుల్లో, వేరే ఖాతా నుంచి వస్తున్నట్టు చెప్పేచోట పాత చిరునామా పూర్తిగా రాయండి.
3. పాత ఖాతాలోకి వెళ్లి, వేరే ఖాతాకు మారుతున్నట్టు చెప్పేచోట కొత్త చిరునామా, పాస్‌వర్డ్ ఇవ్వండి.
4. కొత్త ఖాతాలో సీఎస్‌వీ ఫైళ్లు ఎక్కించండి.
5. పాత ఖాతాను డిలీట్ చేయకండి. వచ్చినవాళ్లకు కొత్త చిరునామా చూపిస్తూ అలా ఉండనివ్వండి.

ఒకసారి మారాక మళ్లీ మారాలంటే 30 రోజులు ఆగాలి.

9. తరచూ పడే చిక్కులు

*హోమ్‌లో ఏమీ లేదు.* సర్వర్ తప్పు కాదు. మనుషులనే కాదు, హ్యాష్‌ట్యాగులను కూడా ఫాలో కావచ్చు. నాలుగైదు ఫాలో అవ్వండి.

*లోకల్ టైమ్‌లైన్‌లో అంతా వేరే భాష.* మీ సర్వర్‌లో ఉన్నవాళ్ల పోస్టులు వరుసగా కనిపించే చోటది. అది చూడడం మానేయండి. నేను చూసి ఏడాది దాటింది, ఏ లోటూ లేదు.

*ఫలానా మనిషి వెతికితే దొరకడం లేదు.* పేరు కాకుండా పూర్తి చిరునామా పెట్టి వెతకండి. అప్పటికీ రాకపోతే మోడరేటెడ్ జాబితా మళ్లీ చూడండి.

*పోస్టుల్లో మాటలు వెతికితే ఏమీ రావడం లేదు.* పోస్టుల లోపలి మాటలు వెతికే సదుపాయానికి అదనపు సాఫ్ట్‌వేర్ కావాలి. చిన్న సర్వర్లు ఖర్చు, మెమరీ చూసుకుని అది పెట్టవు. నిర్వాహకుడిని అడగండి. లేదంటే హ్యాష్‌ట్యాగులే దిక్కు.

*మారాను, ఫాలోవర్లలో కొందరు రాలేదు.* అన్నీ ఒకేసారి జరగవు, ఒకట్రెండు రోజులు ఆగండి. ఆ తర్వాతా రానివాళ్ల సర్వర్ ఆ సమయానికి పనిచేయకపోయి ఉండొచ్చు, లేదా మీ కొత్త సర్వర్‌ని అడ్డుకుని ఉండొచ్చు. పాత ఖాతాలో ఫాలోవర్ల జాబితా ఇంకా కనిపిస్తుంటే పేర్లు చూసుకుని, వాళ్లకు ఒక మాట చెప్పి రమ్మనండి.